ఆ బ్లాకు ఎవరిది?

వరంగల్‌లో ఇవాళ ఎవరన్నా దుకాణం పెట్టి జీఎస్టీ నంబరు తీసుకున్నారంటే చాలు, ఫోన్లు మొదలవుతాయి. "సార్, మీ బిజినెస్‌కు వెబ్‌సైట్ చేసిపెడతాం. ఐదు పేజీలు. డొమైన్ ఫ్రీ, హోస్టింగ్ ఫ్రీ, లోగో ఫ్రీ. గూగుల్‌లో ఫస్ట్ పేజీ గ్యారంటీ." మన నంబరు ఎవరిచ్చారో చెప్పరు. ఆఫీసెక్కడ అంటే హైదరాబాద్ అంటారు. హైదరాబాద్‌లో ఎక్కడయ్యా అంటే లొకేషన్ పంపిస్తామంటారు, ఆ లొకేషన్ ఎన్నటికీ రాదు. ఇన్ని ఫ్రీగా ఇచ్చేవాడు అసలు దేనికి డబ్బు తీసుకుంటున్నాడని అడిగే ఓపిక మన పిల్లలకు లేదు. "ఆన్‌లైన్‌ల ఉండాలె గదా" అని అప్పటికప్పుడే ఫోన్‌పే చేసేస్తున్నారు. ఇంటికి సున్నం వేసే మనిషిని కూడా ఇంత తొందరగా కుదుర్చుకోం.

మా రోజుల్లో వ్యాపారి పేరు నలుగురి కంటా పడాలంటే ఉన్నవి రెండే దారులు. బోర్డు రాసే ఆర్టిస్టు ఒకరు, అచ్చు వేసే ప్రెస్సు ఒకటి. నేను ప్రెస్సువాణ్ణి. హనుమకొండ చౌరస్తా దగ్గర సందులో ట్రెడిల్ మిషన్ పెట్టుకుని బిల్లుబుక్కులు, లెటర్‌హెడ్లు, పెళ్లిపత్రికలు, కరపత్రాలు వేసి పిల్లల్ని చదివించాను. అచ్చుపని అంటే గౌరవం ఉన్న ఊరు మాది. ఎం.ఎస్. ఆచార్య గారు 'జనధర్మ' వారపత్రికనూ, తర్వాత 'వరంగల్ వాణి' దినపత్రికనూ ఇక్కడినుంచే నడిపారు. ఒక్క ఒత్తు తప్పు పడితే మర్నాడు పొద్దున్నే వచ్చి నిలదీసే గిరాకీలు ఉండేవాళ్లు.

ఆర్టిస్టును ఎంచుకోవడానికి ఎవరి మాటా నమ్మాల్సిన పని ఉండేది కాదు. బట్టల బజారులోనో, స్టేషన్ రోడ్డులోనో ఒక బోర్డు నచ్చితే కింది మూలన చిన్న అక్షరాల్లో ఆర్టిస్టు పేరు కనపడేది. ఆ దుకాణంలోకే పోయి అడిగేవాళ్లం. "ఈ రంగు వేసి ఎన్నేండ్లయింది? అన్న రోజుకు ఇచ్చిండా? అడ్వాన్సు తీసుకుని తిప్పుకున్నడా?" దుకాణదారు ఉన్నదున్నట్టు చెప్పేవాడు. బాగా రాసిన బోర్డు ఎంత కనపడేదో, ఎండకు పెచ్చులూడిన బోర్డూ అంతే కనపడేది. దాచిపెట్టుకోవడానికి వీల్లేని పని అది.

ఇప్పుడు దాన్ని పోర్ట్‌ఫోలియో అంటున్నారు. ల్యాప్‌టాప్ తిప్పి పెట్టి తళతళలాడే పేజీలు ఒకదాని వెంట ఒకటి జరుపుతారు. ఒక హోటల్, ఒక ఆస్పత్రి, ఒక నగల దుకాణం. "ఇవన్నీ మీరు చేసినవేనా బాబూ?" అంటే "అవును అంకుల్" అంటాడు కుర్రాడు. "అయితే ఈ నగల దుకాణం ఆయన నంబరు ఇయ్యి, ఒక మాట మాట్లాడతా" అన్నాను. కాసేపు ఫోను చూసుకున్నాడు, లోపలికి పోయాడు, వచ్చి, "అది డెమో అంకుల్" అన్నాడు. తీరా చూస్తే అందులో సగం పేజీలు థీమ్‌లు అమ్మేవాళ్లు నమూనా కోసం పెట్టినవే. ఆ పేర్లతో దుకాణాలే లేవు. థీమ్ కొని సైటు కట్టడం తప్పని నేననను. వర్డ్‌ప్రెస్ 2003 నుంచీ ఉంది, ఉచితంగా దొరుకుతుంది, దాని మీద కట్టిన సైట్లు ప్రపంచంలో కోకొల్లలు. మాకూ రెడీమేడ్ బార్డర్లు ఉండేవి, పెళ్లిపత్రికల మీద వేసేవాళ్లం. వాటిని నా చేతులతో చెక్కానని మాత్రం ఏ గిరాకీకీ చెప్పలేదు.

ప్రూఫు సంగతి చెప్పాలి. తెలుగు కేసులో గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపి వందల గళ్లు. కంపోజిటర్ నిలబడి ఒక్కొక్క సీసపు అక్షరం ఏరి స్టిక్కులో పేర్చి, గ్యాలీలోకి దించి, దారంతో బిగించి కట్టేవాడు. దాని మీద రోలరుతో సిరా పూసి, తడిపిన కాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి ప్రూఫు తీసేవాళ్లం. గిరాకీ వచ్చి, బల్ల దగ్గర కూర్చుని, తన పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోను నంబరు వేలు పెట్టి చదువుకుని సంతకం చేస్తేనే ఫారం మిషన్ ఎక్కేది. సంతకం లేని ప్రూఫుతో అచ్చు వేసిన ప్రెస్సు నేను చూడలేదు. ఇప్పుడు సైటు "లైవ్" అయ్యాక లింకు పంపుతున్నారు. లోకమంతా చూశాక యజమాని చూస్తాడు.

ప్రూఫు కన్నా ముఖ్యమైంది ఇంకొకటుంది. బ్లాకు.

ఒక కిరాణం మర్చంటు తన బిల్లుబుక్కు మీద భద్రకాళి అమ్మవారి బొమ్మ కావాలన్నాడనుకోండి. బొమ్మ గీయించి, హైదరాబాద్ పంపి జింకు బ్లాకు చేయించేవాళ్లం. పల్చటి జింకు రేకును చెక్క మీద సన్న మేకులతో బిగించి, సీసపు అక్షరాల ఎత్తుకు సరిపెట్టి పంపేవాడు బ్లాక్ మేకర్. ఎత్తు కాగితమంత తగ్గినా అమ్మవారి ముఖం సరిగ్గా పడదు, అప్పుడు చెక్క అడుగున పేపరు ముక్క అంటించి లేపేవాళ్లం. పని అయ్యాక ఆ బ్లాకును కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పాత పేపర్లో చుట్టి, దారం కట్టి సేటు చేతిలో పెట్టేవాణ్ణి. "నీ దగ్గరనే ఉండనీ, మళ్ల వేయించేది ఉంటది గదా" అనేవాళ్లు చాలామంది. ఉంచుకుంటే పైన ఆయన పేరు రాసి అల్మారాలో పెట్టేవాణ్ణి. రేటు కుదరక వేరే ప్రెస్సుకు పోతానన్న మనిషికి కూడా ఆ రోజే తీసి ఇచ్చేశాను. మాటామాటా అనుకున్నాకా ఇచ్చాను. బ్లాకుకు పైసలు పెట్టినవాడిదే బ్లాకు. అది ఇయ్యని ప్రెస్సువాడికి ఈ ఊళ్లో మరో బిల్లుబుక్కు పని దొరికేది కాదు.

మా తమ్ముని కొడుకు సంగతి ఇక్కడే చెప్పాలి. తమ్ముడు ఆజంజాహి మిల్లు కార్మికుడు. 1934లో నిజాం కాలంలో పెట్టిన ఆ మిల్లు 2002లో మూతపడింది. కొడుకు కొత్తవాడ మగ్గాల వాళ్ల దగ్గర దర్రీలు తీసుకుని అమ్మడం పట్టుకున్నాడు. ఓరుగల్లు తివాచీలు 1851లోనే లండన్ గ్రేట్ ఎగ్జిబిషన్‌కు పోయినవి. వరంగల్ దర్రీకి 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. గుర్తింపు వచ్చాక బెంగళూరు, చెన్నైల నుంచి ఫోన్లు వస్తున్నాయని పిల్లవాడు సంబరపడి వెబ్‌సైట్ చేయించాడు. చేసిన కంపెనీ పేరు నేను రాయను.

సైటు చూడగానే నాకు తల తిరిగింది. పైన పెద్ద బొమ్మలో ఒత్తుగా నూలు కుచ్చులు లేచిన తివాచీ, ఎక్కడో విదేశీ ఇంట్లో సోఫా ముందర. దర్రీ అట్లా ఉంటుందా? దర్రీకి కుచ్చే ఉండదు. పడుగూ పేకా బల్లపరుపుగా అల్లుకుని, తిరగేసి పరిచినా ఒకేలా ఉంటుంది. అది చూసి కొన్నవాడు పార్సిల్ విప్పగానే మోసపోయానని అనుకోడా? కొత్తవాడ నేతగాడి ముఖానికి మచ్చ గదా! ఫొటో మార్చమని అడిగితే "ఛేంజెస్‌కు ఎక్స్‌ట్రా చార్జ్" అన్నారట. తెలుగు పేజీ తెరిస్తే అక్షరాల బదులు అడ్డదిడ్డపు గుర్తులు. డీటీపీ వాళ్లు అను ఫాంట్లలో కొట్టిన కరపత్రం మేటరును అట్లాగే తీసుకుపోయి అతికించారు. అను ఫాంట్లు అచ్చుకు బంగారం, కానీ అవి యూనికోడ్ కావు, అవతలివాడి ఫోన్లో అవి చదవరావు. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది. మండలి, గిడుగు, గురజాడ, సూరన్న లాంటి అందమైన ఖతులు ఉచితంగా గూగుల్ ఫాంట్స్‌లోనే దొరుకుతున్నాయి. మరో కంపెనీ ఇంకో పని చేస్తుంది, తెలుగు మాటలన్నీ బొమ్మగా చేసి పెట్టేస్తుంది. చూడటానికి బాగుంటుంది, వెతికేవాడికి ఆ మాటలు సరిగ్గా దొరకవు. తెలుగు చదివే ఊళ్లో వ్యాపారం చేస్తూ తెలుగును ఇట్లా చేతికొచ్చినట్టు చేయడానికి మనసెట్లా ఒప్పుతుందో నాకు అర్థం కాదు.

అసలు దెబ్బ తర్వాత పడింది. ఒక రోజు సైటు తెరుచుకోలేదు. కంపెనీ ఫోను ఎత్తలేదు. ఇచ్చిన అడ్రసుకు మనిషిని పంపితే అక్కడ వేరే ఎవరిదో ఆఫీసు. విచారిస్తే తేలిందేమిటంటే, ఫ్రీగా ఇస్తామన్న డొమైన్ పిల్లవాడి పేరు మీద లేదు. కంపెనీ తన పేరు మీద, తన ఈమెయిలుతో రిజిస్టర్ చేసుకుంది. గడువు దాటుతోందని వచ్చిన హెచ్చరికలన్నీ ఆ ఈమెయిలుకే పోయాయి. డాట్ కామ్ పేరు గడువు దాటినా వెంటనే పోదు. రిజిస్ట్రార్‌ను బట్టి నలభై అయిదు రోజుల దాకా మామూలుగా రెన్యూ చేసుకోవచ్చు, ఆ తర్వాత ఇంకో ముప్పై రోజులు జరిమానా లాంటి ఎక్కువ రుసుము కట్టి విడిపించుకోవచ్చు. అంత వ్యవధి ఉంది. కానీ విడిపించుకునే హక్కు ఎవరి పేరుందో వాళ్లకే. పిల్లవాడు చూస్తుండగానే ఆ పేరు బజార్లో పడింది, ఎవరో కొనుక్కున్నారు, ఇప్పుడు అక్కడ పందేల ప్రకటనలు కనపడుతున్నాయి. విజిటింగ్ కార్డుల మీద, దర్రీ చుట్టి ఇచ్చే సంచుల మీద, షాపు బోర్డు మీద అదే అడ్రసు. "పెద్దబాపూ, నా దుకాణం పేరు నాది కాదా?" అని వాడు అడిగితే నాకు మా అల్మారాలోని బ్లాకులు గుర్తొచ్చి కడుపు రగిలింది.

ఇది చిన్న విషయం అనుకోకండి. దుకాణం బోర్డు పోతే ఇంకోటి రాయించుకోవచ్చు, దుకాణం అక్కడే ఉంటుంది. ఇంటర్నెట్‌లో పేరు పోతే దుకాణమే పోయినట్టు.

అందుకని రెండోసారి కంపెనీని వెతుకుతుంటే నేనూ వెంట పోయాను. నేను అడిగినవి అడగడానికి కంప్యూటర్ చదువు అక్కర్లేదు. డొమైన్ ఎవరి పేరు మీద ఉంటుంది? మా పేరు, మా ఈమెయిలు, మా ఫోను నంబరుతో, మా కార్డుతో మేమే కొనుక్కుంటాం, మీకు పని చేసుకోవడానికి అనుమతి ఇస్తాం, ఒప్పుకుంటారా? డాట్ ఇన్ పేర్లు 2005 నుంచీ ఎవరైనా కొనుక్కోవచ్చు, ఏడాదికయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు. ఈ మాట అనగానే కొందరి ముఖం మారింది. "మేం చూసుకుంటం గదా అంకుల్, మీకెందుకు ఆ టెన్షన్" అన్నవాళ్ల గడప మళ్లీ తొక్కలేదు. నా తాళంచెవి నా దగ్గరుంటే నాకు టెన్షన్ ఎందుకుంటుంది?

గూగుల్‌లో మొదటి పేజీ గ్యారంటీ అన్నవాళ్లనూ దాటేశాం. మొదటి స్థానం ఇప్పిస్తామని ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే తన మార్గదర్శకాల్లో రాసి పెట్టింది. మ్యాపులో దుకాణం కనపడేటట్టు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ పెట్టుకోవడం పూర్తిగా ఉచితం, దానికీ ప్యాకేజీలో వేలు వేస్తున్నారు. సెక్యూరిటీ సర్టిఫికెట్ అని ఇంకో పద్దు. 2018 జులై నుంచి అది లేని సైట్లను క్రోమ్ 'సురక్షితం కాదు' అని చూపిస్తోంది కాబట్టి ఉండాల్సిందే, కాదనను. కానీ లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఆ సర్టిఫికెట్‌ను ఊరికే ఇస్తోంది, మామూలు దుకాణం సైటుకు అది చాలు. ఉచితంగా వచ్చేదానికి ఏటా బిల్లు, డబ్బు పెట్టి కొనాల్సిన డొమైన్‌కు ఫ్రీ అన్న పేరు. మా రోజుల్లో కాగితానికి ఎంత, కంపోజింగ్‌కు ఎంత, అచ్చుకు ఎంత, బైండింగ్‌కు ఎంత అని విడివిడిగా రాసి ఇచ్చేవాళ్లం. కాగితం తనే తెచ్చుకుంటానంటే ఆ పద్దు కొట్టేసేవాళ్లం. ఇప్పుడు అడగాల్సిందీ అదే కొటేషన్. మొదటి ఏడాది ఎంత, రెండో ఏడాది నుంచి ఎంత, పద్దెనిమిది శాతం జీఎస్టీ కలిపా, కలపకా, మార్పులకు ఎంత.

ఇక రాతకోతల విషయం. పైసలు ఇచ్చి చేయించుకున్నాం కాబట్టి సైటు మనదే అనుకుంటాం. కాపీరైట్ చట్టం అట్లా అనడం లేదు. 1957 నాటి చట్టం ప్రకారం బయటి కంపెనీ రాసిన ప్రోగ్రామ్ మీద మొదటి హక్కు రాసినవాళ్లదే. అది మనకు రావాలంటే సంతకం పెట్టిన కాగితం కావాలి. ఆ కాగితంలో గడువు రాయకపోతే అయిదేళ్లకే అనుకుంటారు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటారు. సైటు అమెరికాలో ఉన్న మన ఓరుగల్లు పిల్లలకూ తెరుచుకుంటుంది, కాబట్టి 'ఎప్పటికీ, అన్ని దేశాలకూ' అని రాయించుకోవాలి. పనిలో పనిగా, సైటులోనే సరుకు అమ్మేటట్టయితే 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలున్నాయి. వ్యాపారం అసలు పేరు, చిరునామా, ఫిర్యాదులు తీసుకునే మనిషి వివరాలు సైటులో కనపడాలి, వచ్చిన ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. మేం కలిసిన కంపెనీల్లో ఈ మాట తమంతట తాము ఎత్తినవాళ్లు దాదాపు లేరు. అడ్మిషన్ ఫారం అచ్చు వేయించడానికి వచ్చిన స్కూలువాళ్లకు గుర్తింపు నంబరు వేయలేదేమని నేను గుర్తుచేసేవాణ్ణి. అది నా పని కాదని ఎన్నడూ అనుకోలేదు.

చివరికి పని అప్పజెప్పింది హనుమకొండలో ఒక మేడ మీది చిన్న గదిలో ఉన్న పిల్లలకు. గోడల మీద రంగురంగుల కొటేషన్లు లేవు, కాఫీ మిషన్ లేదు. అక్కడి అమ్మాయి ల్యాప్‌టాప్ తెరవకముందే మావాణ్ణి అడిగింది.

"అన్నా, మీకు ఫోన్ చేసేటోళ్లు అన్నిటికంటే ముందు ఏం అడుగుతరు?"

"సైజు అడుగుతరు. ఉతికితే రంగు పోతదా అంటరు. ఒక్కటి గూడ పంపుతరా, హోల్‌సేలేనా అంటరు. కొరియర్ ఎంతయితది అంటరు."

"గంతే. గదే మన మొదటి పేజీ."

ఆమె నోటుబుక్కులో అవి వరుసగా రాసుకుంటుంటే నా పాత కంపోజిటర్ ఆర్డర్ రాసుకున్నట్టే అనిపించింది. "ఇంతకుముందు చేసినవి చూపియ్యి బిడ్డా" అంటే నాలుగే చూపింది, నాలుగింటికీ యజమానుల ఫోను నంబర్లు ఇచ్చింది. అందులో ఒక విత్తనాల దుకాణం ఆయనకు అక్కడికక్కడే ఫోన్ చేశాను. "రెండు వారాలు ఆలస్యం చేసిన్రు, గని అన్నీ అప్పజెప్పిన్రు" అన్నాడు. అట్లాంటి జవాబే నాకు కావాలి. ఆలస్యాన్ని భరిస్తాం.

ఆ అమ్మాయి కొత్తవాడ వచ్చి మగ్గం షెడ్డులో కూర్చుంది. లోపలి ట్యూబులైటు కింద ఎరుపు నల్లగా పడుతోందని దర్రీలను వాకిట్లోకి తెప్పించి, పొద్దుటి వెలుతురులో ఫొటోలు తీసింది. ఒక్కో దర్రీకి ఒక మూల మడతపెట్టి రెండు వైపులూ కనపడేటట్టు ఒక ఫొటో. ఎంత పెద్దదో తెలియడానికి దాని మీద మనిషి కూర్చున్న ఫొటో ఇంకొకటి. నేతగాడి చెయ్యి పేకను బిగిస్తున్న ఫొటో కూడా తీసింది, అయితే ముందు ఆయన్ను అడిగి తీసింది. సైటు పెట్టేముందు ఒక పాత చవక ఫోన్లో, మామూలు డేటా మీద తెరిచి మా ముందు పెట్టింది. తెలుగు చక్కగా వచ్చింది. చదివి, రెండు ఒత్తులు దిద్ది, ప్రింటు తీసిన కాగితం మీద మావాడు సంతకం చేశాడు. డొమైన్, హోస్టింగ్, సైటు లోపలి తాళాలు అన్నీ వాడి పేరు మీదే పెట్టి, పాస్‌వర్డులు వాడిచేతే మార్పించింది. ఎప్పుడైనా తమను వదిలి ఇంకో కంపెనీకి పోతే ఏం చేయాలో ఒక పేజీ రాసి మరీ ఇచ్చింది. పోయేవాడికి దారి చూపించే కంపెనీని ఈ ఊళ్లో ఇంకోదాన్ని నేను చూడలేదు.

2020 జనవరిలో మడికొండ ఐటీ పార్కులో సైయెంట్, టెక్ మహీంద్రా క్యాంపస్‌లు తెరిచినప్పుడు ఊరంతా సంతోషపడ్డాం, నేనూ సంతోషపడ్డాను. పిల్లలు హైదరాబాద్ పోకుండా ఇక్కడే ఉద్యోగం చేసుకుంటే మంచిదే. అయితే పెద్ద కంపెనీలు కొత్తవాడ దర్రీల దుకాణానికి సైటు చేయవు, చేయమని అడగలేం కూడా. బట్టల బజారు, మండిబజారు, ఎనుమాముల మార్కెట్ చుట్టూ ఉన్న చిన్న వ్యాపారులకు చేయాల్సింది మన ఊళ్లోని ఈ చిన్న కంపెనీలే. వాటిలోకి వచ్చేది మన కాలేజీ పిల్లలే. 1959లో ఆర్‌ఈసీ (రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ) పెట్టిన నాటినుంచీ ఇంజినీర్లను తయారుచేస్తున్న ఊరిది, చుట్టూ ఇన్ని ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. అన్నిట్లోనూ ప్రాజెక్టు కింద వెబ్‌సైట్లు కట్టిస్తున్నారు. కట్టిన సైటును యజమానికి ఎట్లా అప్పజెప్పాలో, కాగితం మీద ఏమేం రాయాలో, ఒక్క క్లాసులో కూడా చెప్పరట. ఆ అమ్మాయినే అడిగాను, "మాకెవరూ చెప్పలేదు తాతా, మా నాన్నకు టైలర్ షాపు ఉండేది, ఆయన్ను చూసి నేర్చుకున్న" అంది. ప్రాజెక్టుకు మార్కులు వేసే ముందు ఒక్క అసలైన దుకాణానికి సైటు కట్టి, తాళాలు చేతికిచ్చి, ఆ దుకాణదారు సంతకం తెచ్చుకొమ్మంటే కాలేజీకి పోయేదేముంది? వచ్చే విద్యాసంవత్సరం నుంచే పెట్టొచ్చు.